మధ్యాహ్నం ఒంటిగంటకు నా కూతురి పక్కన

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు. ముప్పై ఒక్క ఏళ్ళు ఖరగ్‌పూర్‌లో పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. రుజువు లేని మాటను నల్లబల్ల మీదికి రానివ్వలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. అయినా 1987 జూలై 7 నుంచి 10 వరకు, నాలుగు మధ్యాహ్నాల సంగతి మాత్రం నాకు తేలలేదు.

అప్పుడు ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పేటలో, రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన గూడ్స్ గార్డు. ఎప్పుడు చూసినా లైన్ మీదే ఉండేవారు. మాకు ఒక్కతే కూతురు సునీత. అప్పటికి దానికి పదహారేళ్ళు.

ఆ ఏడు శ్రమల దినాలు మార్చి 4న మొదలయ్యాయి. ఈస్టర్ ముందు ఆ నలభై రోజులూ మా సంఘంలో పెద్దవాళ్ళు ఒక పూట మానేస్తారు. సునీత రెండు పూటలు మానేసింది. "ఎంత భక్తి!" అని స్త్రీల కూడికలో దాన్ని నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఏప్రిల్ 19న ఈస్టర్ అయిపోయింది. అందరి ఉపవాసం ముగిసింది, దానిది ముగియలేదు. జూన్ నాటికి దువ్వెన నిండా జుట్టు వచ్చేది. ఆ ఎండల్లో చలి అని దుప్పటి కప్పుకునేది. పళ్ళెం ముందు కూర్చుంటే ఏడుపే.

"ఆకలి లేదేటే?" అని అడిగితే, "ఆకలుందమ్మా. తింటే ఏదో తప్పు సేసినట్టుంటాది" అంది. అప్పుడు అర్థమైంది, అది భక్తి కాదు, భయం. ఆ భయానికి మేమంతా కలిసి భక్తి అని పేరు పెట్టాం.

తర్వాత సంఘపెద్ద భార్య రత్నమ్మ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది.

"పిల్లకి దురాత్మ పట్టినాది టీచరమ్మా. మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెడదాం. పిల్లని కూడా పస్తుంచాల."

"దురాత్మ కన్నా ముందు మీరే సంపేసేలా ఉన్నారు. నడవండి!" అని తలుపు వేసేశాను.

తిండి మాని మంచం పట్టిన పిల్లకు పస్తు మందట! మూడు నెలల కిందట చప్పట్లు కొట్టిన చేతులే అవి.

జూలై 6, సోమవారం ఆస్పత్రిలో చేర్చాం. బెంగాలీ డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. ఇది మొండితనం కాదు, జబ్బు. తిట్టినా, బతిమాలినా ముదురుతుంది. ఎవరైనా పక్కన కూర్చుని మామూలుగా తమ అన్నం తాము తినాలి, పిల్ల ముద్దలు చూడకూడదు.

విన్నాను. విని ఏం చేశాను? రోజూ బడి వదలగానే వెళ్ళి, స్టూలు మీద కూర్చుని, ఎన్ని చెంచాలు తిన్నదో నోటుబుక్కులో రాశాను. మంగళవారం మూడు. బుధవారం రెండు. అది గోడవైపు తిరిగి పడుకునేది.

శుక్రవారం సాయంత్రం వార్డు ఆయా నవ్వుతూ బెంగాలీలో అడిగింది. "టీచర్ దిదిమణీ, మధ్యాహ్నం మీరొస్తే చక్కగా తింటుంది. సాయంత్రం అదే మీరొస్తే గోడ చూస్తుంది. సాయంత్రాలు మానెయ్యకూడదూ?"

మధ్యాహ్నం నేను రావడం లేదన్నాను. ఆమె ఇంకా నవ్వింది. రోజూ ఒంటిగంటకు ఇదే కళ్ళజోడుతో, ఇదే గొడుగుతో వచ్చి, డబ్బా విప్పుకుని, మాట్లాడకుండా తిని వెళ్తున్నానట. పక్క మంచంలో, ఊళ్ళోనే ఇందా అనే పేట నుంచి వచ్చిన ఆవిడ కూడా, "దీదీ, ఆ మామిడి ఊరగాయ ఇంకొంచెం తెండి" అంది. పిల్ల జబ్బు గొడవలో నేను ఆ ఏడు ఆవకాయే పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బడికి వెళ్ళి హాజరు పట్టీ చూశాను. నాలుగు రోజులూ ఒంటిగంటకు తొమ్మిదో తరగతిలో ఉన్నాను. నా సంతకాలున్నాయి, పిల్లల నోటుబుక్కుల్లో ఆ తేదీలతో నా దిద్దుబాట్లున్నాయి. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. నీరసంలో సునీత ఏదో ఊహించుకుంది అనుకుందామా? మరి ఆ ఇద్దరికీ ఏ నీరసం?

ఆ శనివారం అక్కడే సెలవు పెట్టి పన్నెండుంపావు నుంచి వార్డు గుమ్మంలో కాపు కాశాను. ఎవరూ రాలేదు. ఒంటిగంట దాటాక సునీత నన్ను చూసింది.

"అక్కడే నిలబడిపోయినావేటమ్మా? రా, అన్నం సల్లారిపోతాది."

వెళ్ళి కూర్చున్నాను. నోటుబుక్కు సంచిలోనే ఉంచి నా డబ్బా విప్పాను. తల ఎత్తకుండా తిన్నాను. పక్కన చెంచా పళ్ళేనికి తగులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. లెక్కపెట్టలేదు.

ఆ తర్వాత ఎవరూ నా బదులు రాలేదు. సెలవులన్నీ వాడుకుని రోజూ నేనే వెళ్ళాను. అది కోలుకోవడానికి రెండేళ్ళకు పైనే పట్టింది. మధ్యలో ఒకసారి మళ్ళీ మొదటికొచ్చింది, మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. మా ఇంట్లో పళ్ళెం దగ్గర ఒంటి మాట, బరువు మాట నిషేధించాను. చర్చిలో మాత్రం రత్నమ్మ దాన్ని చూడగానే, "ఒళ్ళు సేసినావే!" అంది. అందరి ముందే ఆమెను దులిపేశాను. క్షమించమని ఈ రోజు వరకు ఆ సంఘంలో ఒక్కరూ అడగలేదు.

1996లో, దాని పెళ్ళికి ముందు, ఆ నాలుగు రోజులూ వచ్చింది నేను కాదని చెప్పేశాను. అబద్ధం మీద దాని కృతజ్ఞత తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

"సాల్లే అమ్మా. నువ్వు కాక ఇంకెవరు?" అని నవ్వేసింది. మళ్ళీ తనే, "కాకపోతే ఆ నాలుగు రోజులూ నువ్వు నాకేసి సూడలేదు. అందుకే తినగలిగినాను" అంది.

ఆమె ఎవరో నాకు తెలియదు. నా కూతురి పక్కన ఎలా కూర్చోవాలో నాకన్నా నాలుగు రోజుల ముందు ఆమెకు తెలిసింది. నాకు చెప్పినా చెయ్యలేకపోయాను. రత్నమ్మ మీద కోపం ఎంతుందో, నా మీదా అంతే ఉంది.