పీరు ముడి వేసిన సంచి

పీరు గురించి చెప్పాలంటే మధ్యలో నా గురించి కూడా చెప్పుకోవాలి. అది నాకు సుతరామూ ఇష్టం లేదు. అయినా తప్పదు.

గుంటూరులో ఒక కార్ల షోరూములో నేను డెలివరీ ఇన్‌చార్జిగా పనిచేసేవాణ్ణి. ఫ్యాక్టరీ నుంచి ట్రెయిలర్ల మీద వచ్చిన కారుకు దుమ్ము కడిగించి, పైన పూసిన మైనం తుడిపించి, తళతళ మెరిపించి, పూలదండ వేసి తాళాలు యజమాని చేతిలో పెట్టేదాకా బాధ్యత నాది. మెరిపించేది మాత్రం పీరు. మెచ్చుకోళ్లు నాకు, చాకిరీ అతనికి.

పీరుది దర్శి దగ్గర పల్లె. దూదేకుల కుటుంబం. తండ్రీ తాతా భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి, పాత పరుపులూ దిండ్లూ విప్పి, అందులో దూది ఏకి మళ్లీ కుట్టి ఇచ్చి బతికినవాళ్లే. పీరు గుంటూరు వచ్చి అదే పని పట్టుకున్నాడు. పట్టుకున్న నాలుగైదేళ్లకే ఇంటింటికీ ఫోము పరుపులు దిగాయి. పొద్దుణ్ణుంచి పొద్దుపోయేదాకా వీధుల్లో అరిచినా పిలిచే గడప లేకుండా పోయింది. తొంభై ఏడు ఎండాకాలంలో మా అమ్మ పిలిచింది. రెండు పరుపులు ఏకి కుట్టాక, మిగిలిన గుప్పెడు దూదితో వాకిట్లో ఉన్న నా స్కూటరు ట్యాంకును ఊరికే నాలుగు రుద్దులు రుద్దాడు. నేను వారానికోసారి పాత బనీనుతో తుడుచుకునే ట్యాంకు అది. అందులో నా మొహం అంత స్పష్టంగా ఎప్పుడూ కనిపించలేదు. చూశాక అంత సంబరపడాల్సిన మొహమేమీ కాదనుకోండి, అది వేరే సంగతి.

మర్నాడే షోరూముకు రమ్మన్నాను.

పీరు పద్ధతి పీరుది. కడగడం, మైనం తీయడం, పాలిష్ పట్టించడం అందరూ చేసేవే. ఆఖరి తుడుపు మాత్రం గుడ్డతో కాదు, తను ఏకిన దూదితోనే. పత్తి కొని తెచ్చుకుని, ఇంటి దగ్గర అతనూ భార్య నసీమున్నీసా కూర్చుని విల్లుతో ఏకేవాళ్లు. ఏకిన దూదిని గుప్పెడు గుప్పెడుగా ఎడమ మణికట్టు లోపలివైపు, నరాలు కనిపించే చోట, మెల్లగా లాగి చూసేవాడు. కళ్లు మూసుకునేవాడు. గింజ పెంకు తునక, ఆవగింజలో సగం ఉన్నా సరే, అక్కడ తగలాల్సిందే. సంచి మొత్తం అలా చూశాక ఎర్రదారంతో రెండు మెలికల ముడి వేసేవాడు. ముడి పడిందంటే ఆ సంచిని ఇక పరీక్షించడు. నేరుగా విప్పి కారు మీద పెట్టడమే.

"అంత చాదస్తం దేనికయ్యా?" అని వెక్కిరించేవాణ్ణి.

"రంగు మీద గీత పడితే పోదు సార్. మడిసి మీద పడ్డా పోదనుకోండి, కానీ మడిసికి చొక్కా ఉంటది," అనేవాడు.

ఐదేళ్లలో అతని చేతి కింద నుంచి వందల కార్లు వెళ్లాయి. ఒక్కదాని మీదా గీత లేదు. ఆ మాట పీరు తనంతట తను ఎప్పుడూ అనలేదు. ఎవరైనా అంటే వినాలని మాత్రం అతని చెవులు అటే ఉండేవి.

రెండువేల రెండు మార్చిలో పెద్ద ఆర్డరు తగిలింది. ఒక పురుగుమందుల కంపెనీ బాగా అమ్మిన డీలర్లకు బహుమతిగా ఇవ్వడానికి ఒకేసారి నలభై ఎనిమిది కార్లు కొన్నది. అన్నీ ముదురు నీలం. ఆదివారం పొద్దున సభ, సభలో తాళాల పంపకం. షోరూములో చోటు చాలక నల్లపాడు రోడ్డులో ఒక ఖాళీ స్థలం అద్దెకు తీసుకుని వరసగా నిలబెట్టాం. పక్కనే మిర్చి కోల్డ్ స్టోరేజి. అది మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, దిగే కాలం. గాలి వీస్తే చాలు, ఎర్రటి దుమ్ము కార్ల మీద వాలేది. అందరం తుమ్ములే తుమ్ములు. పీరు నేలంతా నీళ్లు కొట్టించి, కారు కారుకూ పరదాలు కట్టించి పని మొదలుపెట్టాడు. తోడుగా అతని బావమరిది సిలార్, ఇంకో ఆరుగురు.

గురువారానికి ఇరవై ఏడే అయ్యాయి. చేతులు సరిపోతున్నాయి, దూది సరిపోవడం లేదు. ఇద్దరు మనుషులు ఒక విల్లుతో ఎంతని ఏకుతారు?

"జిన్నింగు మిల్లు నుంచి దూది తెప్పిస్తాను. రెండు బస్తాలు తెస్తే పనైపోతుంది," అన్నాను.

"వద్దు సార్. మిల్లు దూదిలో పెంకులు నలిగి లోపల్లోపలే ఉంటాయి. కంటికి కనపడవు. నీలం రంగు మీద గీసేస్తాయి."

"ఒరేయ్, దూది దూదే కదరా! నువ్వు మణికట్టు మీద లాగుతూ కూర్చుంటే ఆదివారం ఆగుతుందా?"

"నేను రేపటికి ఇంకో మూడు సంచులు చేస్తా. మా ఆడమనిషీ నిద్ర మానుకుంది," అన్నాడు. అంతకు మించి వాదించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పీరు, సిలార్ నమాజుకు వెళ్లారు. మిగతావాళ్లు అన్నాలకు కూర్చున్నారు. నేను అప్పటికే మిల్లు దూది తెప్పించి నా గదిలో దాచి ఉంచాను. పీరు ఖాళీ సంచులు రెండు తీసి, అందులో దాన్ని కుక్కి, ఎర్రదారంతో రెండు మెలికల ముడి వేశాను. ఐదేళ్లుగా చూస్తున్న ముడి, రాకుండా ఎక్కడికి పోతుంది? ఎవరి చేతికందిన సంచి వాళ్లు విప్పుకునే హడావిడిలో లెక్క చూసేవాళ్లు లేరు. అతని సంచుల మధ్య పెట్టి, తెలివైన పని చేశాననుకుంటూ వెళ్లి భోంచేశాను. ఆ రోజు పప్పుచారు. ఇప్పటికీ రుచి గుర్తుంది, సిగ్గులేని నాలుక.

శనివారం సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు బయటపడింది. తొమ్మిది కార్ల బానెట్ల మీద సన్నటి గీతలు, గుండ్రంగా, సాలెగూడులా. మేనేజరు గారు వచ్చి చూసి కేకలు మొదలుపెట్టారు. పీరు వాడి పడేసిన దూది కుప్ప ముందు కూర్చుని ఒక్కో ఉండ విప్పుతూ పోయాడు. చివరికి వేలికొసన ఒక పెంకు తునకను పైకెత్తి ఎండలో చూశాడు.

తర్వాత లేచి నిలబడి, యార్డంతా వినేలా అన్నాడు: "ఎవర్నీ అనొద్దు సార్. ఏకింది నేను, చూసింది నేను, ముడేసింది నేను. తప్పు నా చేతిదే. నా చెయ్యి చచ్చిపోయింది."

నేను అక్కడే ఉన్నాను. మూడడుగుల దూరంలో. నోరు తెరిచాను, మూశాను. ఉద్యోగం పోతుందని భయం. ఇన్నేళ్లు తవ్వి చూసుకున్నా అంతకంటే గొప్ప కారణమేదీ దొరకలేదు.

బెజవాడ నుంచి మిషన్లతో మనుషులు వచ్చి తెల్లారేసరికి గీతలు పోగొట్టారు. సభ జరిగింది, తాళాలు పంచారు, ఫొటోలు తీశారు. నష్టపోయినవాళ్లు ఎవరూ లేరనుకున్నాను. పీరు మళ్లీ పనికి రాలేదు. కబురు పెడితే భార్య పుట్టింటి ఊరు వినుకొండ వెళ్లిపోయారని తెలిసింది. ఏదో ఒక పని చూసుకుంటాడులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఐదేళ్ల తర్వాత నల్లపాడు స్టేషన్లో సిలార్ కలిశాడు. పీరు ఎలా ఉన్నాడని అడిగాను.

"ఏం చెప్పమంటారు సార్? వాచ్‌మన్‌గా ఉన్నాడు. దూది ముట్టుకోడు. విల్లు పొయ్యిలో పెట్టేశాడు. ఆ మధ్య మా మేనకోడలికి కానుపయితే, పసిదాన్ని చేతికిస్తే తీసుకోలా. నా చేతికి తెలివి లేదు, జారితే తెలియదు అన్నాడు. డాక్టరుకు చూపించాం. నరాలన్నీ బాగానే ఉన్నాయంటాడాయన. ఈయన నమ్మడు."

రైలొచ్చింది. సిలార్ ఎక్కి వెళ్లిపోయాడు. నేను ఎక్కాల్సిన రైలు కూడా అదే. ఎక్కలేదు. ఆ బెంచీ మీద కూర్చుని, నలభై ఆరేళ్లవాణ్ణి, నలుగురూ చూస్తుండగా ఏడ్చాను.

మర్నాడు వినుకొండ వెళ్లాను. ఊరి బయట గోడౌను గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గబగబా లేచి, "లక్ష్మీకాంత్ గారూ! ఎండన పడి వచ్చారేంటి సార్?" అని తన స్టూలు నా ముందుకు జరిపాడు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. శుక్రవారం మధ్యాహ్నం సంగతి, మిల్లు దూది సంగతి, ముడి సంగతి.

పీరు అడిగింది ఇదీ: "ఎన్ని సంచులు?"

"రెండు."

"నేను చేసినవి?"

"మూడు. వాటితో తుడిచిన కార్లలో దేనికీ గీత లేదు పీరూ."

అతను కుడి చెయ్యి ముందుకు చాపాడు. "ఐదేళ్లు సార్. ఐదేళ్లు ఈ చేత్తో అన్నం తింటానికి కూడా నామోషీ పడ్డా. మీరు నన్ను కొట్టినా ఊరుకునేవాణ్ణి. నా చెయ్యిని నాకు కాకుండా చేశారు."

కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి జరిగాడు. గేటు పక్క గది వైపు తిరిగి, "నసీమూ, ఇట్రా!" అని కేకేశాడు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సారు ఏదో చెబుతున్నారు, విను. చెప్పండి సార్, మొదట్నించీ."

చెప్పాను. ఆవిడ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

అక్కడితో అయిపోలేదు. ఎదుట టీ కొట్టు గఫూర్‌ను పిలిచాడు. "చెప్పండి సార్." చెప్పాను. లోపల పనిచేసే హమాలీలు బయటికొచ్చారు. "వీళ్లకీ చెప్పండి." చెప్పాను. బస్తాలు దించడానికి వచ్చిన లారీ డ్రైవరుకు పీరు ఎవరో, ఆ కార్లేమిటో ఏమీ తెలియదు. అతనికీ చెప్పించాడు. చెప్పిన ప్రతిసారీ పీరు నా మొహం చూడలేదు. కుడి అరచెయ్యి తెరిచి దాన్నే చూసుకుంటూ విన్నాడు.

చివర్లో పక్క గోడౌను మనుషులు కూడా గుమిగూడారు. చెప్పి చెప్పి నా మాట పక్కవాడికి కూడా వినపడనంత తగ్గిపోయింది. చాలు పీరూ అన్నట్టు చూశాను.

"గట్టిగా చెప్పండి సార్," అన్నాడు. "ఆ రోజు నేను గట్టిగానే చెప్పా."