ముద్దనూరులో ఆగిన నాసిక్ ప్రయాణం

కాటమయ్యను పిరికివాడని నవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చక్రాయపేట దగ్గర మా ఊరు. పార్టీ గొడవల్లో ఆయన అన్నను దారికాచి చంపారు. ఏ రోజు ఏ బస్సెక్కుతాడో ముందే బయటికి పొక్కింది. అప్పటినుంచీ కాటమయ్య ఊరు దాటేటప్పుడు ఎవరికీ నిజం చెప్పలేదు. ఆ మాటకొస్తే మేమెవరం చెప్పాం కనుక?

గొర్రెలమ్మి ఆయన ద్రాక్షతోట పెట్టాడు. కాయ వానకు పగిలి వరసగా నష్టాలే. ఇంకో ఏడు ఇట్లే పోతే తోట పీకెయ్యాల్సిందే. నాసిక్ దగ్గర వైను కంపెనీలు రైతులతో ముందే ధర మాట్లాడుకుంటాయనీ, ఇద్దరం పోయి చూసొద్దామనీ కమాల్ బాషా చెప్పాడు. బాషాది వేంపల్లె, డ్రిప్పు పైపుల వ్యాపారం; తోటలు నిలబడితేనే అతనికి బేరం.

"తాగేదానికి అంత దూరం పోవల్లనా? ఈడ అంగడి లేదా?" అని భార్య పోలమ్మ ఎగతాళి చేసింది.

కాటమయ్యకు నవ్వు రాలేదు. బాషా బావమరిది అవతలి పార్టీవాడు. పైగా బాషా కనబడినప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

"యా పొద్దు పోదాం మామా? రైలు యాడ ఎక్కుదాం?"

వీడికెందుకింత ఆత్రం? అనుకున్నాడు కాటమయ్య. "సోమారం, ఎర్రగుంట్లలో" అని చెప్పి, ఆదివారమే ఒంటరిగా ముద్దనూరు స్టేషనుకు వెళ్లాడు.

అక్కడ, తలకు తువ్వాలు చుట్టుకుని కమాల్ బాషా నిలబడి ఉన్నాడు.

కాటమయ్య చెయ్యి సంచిలోకి పోయింది. అది చూసి బాషా గోడకు కరుచుకుపోయాడు.

"నన్ను చంపేదానికి వచ్చినావా మామా?"

కాటమయ్య సంచిలోంచి చెయ్యి తీసేశాడు. ఎవరు చంపుతారోనని ఇన్నేళ్లూ తాను భయపడ్డాడే గానీ, తనను చూసి ఒకడు ఇట్లా వణుకుతాడని ఎన్నడూ అనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"నేనట్లాంటి మనిషినా బాషా? నువ్వీడ ఏం చేస్తాండావు?"

"సోమారమని మీవోళ్లకు చెప్పింటావని భయమాయె. ఒక్కన్నే పోయి కనుక్కొనొద్దామనుకుంటి."

"నేనూ అంతే."

"సంచిలో ఏముంది?"

"కత్తి" అన్నాడు కాటమయ్య, అబద్ధమాడలేక.

"నాకాడా ఉంది."

ఇద్దరూ బెంచీ మీద కూర్చుని నవ్వబోయారు. రైలొచ్చింది. టిక్కెట్లు జేబుల్లోనే ఉన్నాయి. ఎక్కితే రాత్రంతా ఒకరి పక్కన ఒకరు నిద్రపోవాలి. ఇద్దరూ లేవలేదు.

ఆ ఎండాకాలం కాటమయ్య తోట పీకించాడు. డ్రిప్పు పైపులు తీసుకుపోవడానికి బాషానే వచ్చాడు. పోలమ్మ మజ్జిగ ఇస్తే, ఇప్పుడే తాగొచ్చానని చెంబు ముట్టుకోలేదు.