నికారెత కళ్ళు, నేను చెక్కిన రాయి

నికారెత గురించి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. వైద్యదేవుడు అస్క్లెపియోస్ గుడిలో రాళ్ళ మీద అక్షరాలు చెక్కేవాణ్ణి నేను. గుడిలో పడుకుని, కలలో దేవుణ్ణి చూసి, రోగం పోయి లేచినవాళ్ళ కథలన్నీ నా ఉలి చెక్కినవే. నయమై ఏడాది తిరిగితే గాని చెక్కకూడదని మా నాన్న పెట్టిన నియమం. రోగం తిరగబెట్టదని తేలాలి కదా. ఆ నియమం నేను తప్పింది ఒక్కసారే.

నికారెత మా వీధి నేతగత్తె. మొగుడు సముద్రంలో పోయాక ఒక్కతే మగ్గాన్ని నమ్ముకుని బతికింది. అంచుల్లో ఆమె నేసిన కొంగల్ని చూడటానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవారు. నోరు మాత్రం మహా దురుసు. "తిమాంద్రన్నా, నీ అక్షరాలు తాగి నడుస్తున్నాయే!" అనేది దారిన పోతూ.

నలభై దాటాక ఆమె కళ్ళకు పొర కమ్మింది. వైద్యుడు థెర్సోన్ మందు వేశాడు, తర్వాత గుడిలో పడుకుంది. తెల్లారి లేచి పూజారి గడ్డంలో నెరిసిన వెంట్రుకలు లెక్కపెడుతుంటే అందరం పడీ పడీ నవ్వాం. థెర్సోన్ ఒక్కడే నవ్వలేదు.

"మళ్ళీ మసకేస్తే ఆ రోజే రావాలమ్మా. ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

అయిదు నెలలకే పూజారి నన్ను తొందరపెట్టాడు. పండక్కి పొరుగు నగరాల పెద్దలు వస్తున్నారట. వాళ్ళు నా పనితనం చూడాలని నాకూ ఆశే. చెక్కాను. అక్షరాల్లో ఎర్రరంగు నింపాను. "నేతగత్తె నికారెత. రెండు కళ్ళు. చూపుతో ఇంటికి వెళ్ళింది."

పండగ ఇరవై రోజులుందనగా ఆమె నా కొట్టానికి వచ్చింది.

"అన్నా, ఎడమ కంట్లో మళ్ళీ పొగలా ఉంది. థెర్సోన్ దగ్గరికి పోతున్నా."

"ఇప్పుడా? నువ్వు వైద్యుడి గుమ్మం ఎక్కితే ఊరంతా చూడదూ? దేవుణ్ణి అబద్ధాలకోరుని చేస్తావా?"

ఆమె బెదిరిపోయింది. నేను ఎత్తింది దేవుడి పేరు, కాపాడుకున్నది నా పరువు.

"మరేం చెయ్యమంటావు?"

"పండగ వెళ్ళనీ. మర్నాడు నేనే తీసుకెళ్తా."

పండగ మూడు రోజులూ రాయి పక్కనే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ తన కథ చెప్పింది. ఎవరైనా వేళ్ళు చూపించి ఎన్నని అడిగితే, నవ్వుతూ ఏదో ఒకటి ఊహించి చెప్పింది.

మర్నాడు థెర్సోన్ ఆమె రెప్ప ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఎన్నాళ్ళయింది?"

"ఇరవై రోజులు దాటింది."

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా!"

ఆమె నా వైపు తిరిగింది. నేను గుమ్మం వైపు చూశాను.

"పండగ పనులయ్యా" అంది.

చలికాలానికి రెండు కళ్ళూ పోయాయి. మగ్గం అమ్మేసింది. ఇప్పుడు గుడి వాకిట్లో కూర్చుని తడుముకుంటూ కదురు తిప్పుతుంది. నేను రోజూ బార్లీ రొట్టె, ఆలివ్ కాయలు ఇస్తాను. క్షమించమని అడగడానికి మాత్రం ఇంతవరకూ నోరు రాలేదు. ఆ రాయి తీసేద్దామంటే పూజారి ఒప్పుకోలేదు. సుత్తితో పగలగొట్టేద్దామని వెళ్ళాను. చెయ్యి లేవలేదు.

మొన్న ఒక ద్వీపం నుంచి చూపు లేని కూతుర్ని వెంటబెట్టుకుని ఒకాయన వచ్చాడు. రాయి మీద ఏముందో చదవమన్నాడు. చదివాను.

"ఆ నికారెత ఇంకా ఉందా? మా పిల్ల ఒక్కసారి ఆవిడ చెయ్యి పట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది."

మూడడుగుల దూరంలో కదురు ఆగింది.

"పోయిందయ్యా" అంది నికారెత, తల ఎత్తకుండానే. "పోయేదాకా సూదిలో దారం తనే ఎక్కించుకునేది."

ఆయన దణ్ణం పెట్టి కూతుర్ని లోపలికి నడిపించుకెళ్ళాడు. నా రాయి నిలబడటానికి ఆమె తన చావు కబురు తానే చెప్పింది. నేను పక్కనే ఉండి కూడా కాదనలేదు.