తాళంలోకి పోయిన నిద్రబిళ్లలు

పసిబిడ్డ పోయినప్పటి నుంచి భార్య పుష్పవల్లికి కునుకు పట్టడం లేదని, తిరుత్తణిలో మందుల షాపు నడిపే రంగనాథం తానే నిద్రబిళ్లలు తెచ్చి ఇచ్చేవాడు. అలా ఏళ్లు గడిచాయి.

ఎనభై రెండులో కొత్త రూలు వచ్చింది. తొందరగా అలవాటై మనిషిని వదలని మందులను సర్కారు జాబితా అయిన షెడ్యూల్ ఎక్స్‌లో చేర్చారు. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయాలి, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. ఆ బిళ్లలూ అందులో చేరాయి.

ఒక మధ్యాహ్నం లారీ డ్రైవరొకడు వచ్చి అవే బిళ్లల కోసం బతిమాలాడు.

"చీటీ లేకుంటే ఇచ్చేది లే. దీనికి అలవాటు పడినోళ్లు మనుషులా?" అని రంగనాథం కసిరి పంపేశాడు.

వెనక్కి తిరిగితే, అన్నం క్యారియరుతో పుష్పవల్లి నిలబడి ఉంది.

"మరి నాకు చీటీ యాడ ఇస్తారండీ?" అని తల వంచుకుని అడిగింది.

రంగనాథానికి తల కొట్టేసినట్లయింది. "నీకు అలవాటు చేసింది నేనే గదా" అన్నాడు.

మర్నాడు ఆమెను తిరువళ్లూరు ఆసుపత్రికి తీసుకుపోయి, డాక్టరు ముందు ఆ తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. డాక్టరు చెప్పినట్లు కొంచెం కొంచెం తగ్గించి, పూర్తిగా మానేసరికి ఏడాది పట్టింది. అన్నాళ్లూ అతను ఆమె కళ్లలోకి సూటిగా చూడలేకపోయాడు.