బావ రాసింది, మరదలు తీసింది

ఆ క్లౌడ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లంతా ఆమెను కత్తెరమ్మ అనేవాళ్లు. మొదట్లో వెక్కిరింపుగా, తర్వాత్తర్వాత జంకుతూ. అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. కొత్తవి చేర్చడానికి అందరూ ఎగబడతారు. పాతబడి కీడు చేస్తున్నవాటిని తీసెయ్యడానికి మాత్రం ఎవరూ రారు, తిట్లు తప్ప దక్కేదేమీ ఉండదు కనుక. ఆ పని ఆమె నెత్తినేసుకుంది. తిట్లంటే ఆమెకు లెక్కలేదు. తిరిగి తిట్టడమూ వచ్చు.

ఈసారి కత్తెర పడింది సొంత బావ రాసిన భాగం మీద.

వందల కంప్యూటర్లను ఒక్కటిగా నడిపే సాఫ్ట్‌వేర్ అది. కొత్త పని రాగానే ఏ కంప్యూటరులో ఎంత జాగా ఉందో చూసి, ఎక్కడికి పంపాలో తేల్చేది అందులోని షెడ్యూలర్. ఆ జాగా లెక్కకట్టే పద్ధతిని అక్క మొగుడు ఎప్పుడో రాశాడు. అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు. ఆమెను ఈ పనిలోకి తెచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిందీ ఆయనే. తర్వాత ఇంకో పద్ధతి వచ్చింది. పాతదీ పోలేదు. రెండు లెక్కలకూ పొసగక, అప్పటికే నిండిపోయిన కంప్యూటరు మీద ఇంకో పని వచ్చి పడేది. అన్నీ కలిసి చతికిలబడేవి.

పాతదాన్ని తీసేద్దామని ఆమె ప్రకటించగానే బావ మండిపడ్డాడు. ఒకే ఇల్లు, కింద వాళ్లు, పైన ఈమె. మెట్ల దగ్గరే పట్టుకున్నాడు.

"జనానికి వాడటం చేతకాకపోతే తప్పు నాదా?"

"రండి బావా, మీ గదిలోనే చూపిస్తా."

చూపించింది. కొత్తదాని పక్కనే పాత పద్ధతినీ పెట్టి, పని మీద పని పంపింది. బల్ల కింద ఉన్న ఆయన కంప్యూటరు కళ్లముందే గుడ్లు తేలేసింది. టీ కప్పులతో వచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది.

"సరేలే, చూద్దాం," అన్నాడు, తెర ఆపేస్తూ.

ఒప్పుకున్నాడనుకుంది ఆమె. మర్నాడు వీడియోలో అందరూ సమావేశమయ్యారు. బావ గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నేళ్లలో ఇది ఒక్కసారి కూడా కూలలేదు. కొందరికి పేరు కావాలి, అందుకే ఈ నరుకుడు. ఈ అమ్మాయికి ఓనమాలు దిద్దించింది నేను. ఆమె తెలివెంతో నాకు తెలుసు."

ఆ మాటలు ఆమెకు రెండుసార్లు వినిపించాయి, ఒకసారి కింది గదిలోంచి, ఒకసారి చెవుల్లోని ఇయర్‌ఫోన్లలోంచి. ఒళ్లు మండిపోయింది.

"నిన్న మీ గదిలో మీ కంప్యూటరే కూలింది కదా బావా? అక్క కూడా చూసింది. అబద్ధమెందుకు ఆడుతున్నారు?"

తీసెయ్యడానికే ఎక్కువమంది ఒప్పుకున్నారు. బావ తెర మీంచి తప్పుకున్నాడు. ఆమెకు కసి తీరింది. ఆ సంగతి తనలో తాను దాచుకోవాలని కూడా అనిపించలేదు.

కాసేపటికి అక్క విసవిసా మెట్లెక్కి వచ్చింది.

"ఇంట్లో చూసింది ఇంట్లో ఉంచుకోలేవా? ఊళ్లోవాళ్లందరి ముందూ నన్ను సాక్ష్యానికి లాగుతావటే?"

"ముందు అబద్ధమాడిందెవరక్కా?"

"ఆయనే. నాకు తెలీదనుకున్నావా? అయినా ఆయన ముందు ఇక నీ మొహం చూడలేను. ఇల్లు ఖాళీ చెయ్యి."

ఆమె బతిమాలలేదు. ఊరికి అవతలి కొసన, కిటికీ తెరిస్తే ఎదుటి గోడ తప్ప ఏమీ కనబడని గదిలో దిగింది. అక్కడే కూర్చుని బావ కోడును ముక్కముక్కగా తీసింది. ఒకచోట, తను నేర్చుకునే రోజుల్లో చేసిన పొరపాటును ఆయన ఓపికగా సరిదిద్ది రాసిన వివరణ తగిలింది. అంతా చదివింది. చదివి, దాన్నీ తీసేసింది.

కొత్త సాఫ్ట్‌వేర్ విడుదలైంది. కంప్యూటర్లు కూలడం ఆగింది. మెచ్చుకున్నవాడు లేడు, అలవాటైనది పోయిందని దుమ్మెత్తిపోసినవాళ్లు మాత్రం బోలెడుమంది. బావ తనవాళ్లను కూడగట్టుకుని, పాతదాన్నే వేరుకుంపటిగా పెట్టుకుని నడుపుకుంటున్నాడని తెలిసింది.

ఒక ఆదివారం అక్క ఫోన్ చేసింది.

"పైగది వేరేవాళ్లకిచ్చేశాం. ఈ మాట ఎవరో చెప్పేకంటే నేనే చెబుదామని చేశాను."

ఈమె బదులు చెప్పేలోపే ఫోన్ పెట్టేసింది.