సత్యవతి గారి పెరుగు

2004లో రాజమండ్రిలో ఒక చిన్న డెయిరీ ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. ఊళ్లు తిరిగి ఇళ్లలో పెరుగు అడుక్కోవడం నా పని. మా బాస్ దాన్ని శాంపిల్ కలెక్షన్ అనేవారు. పాలు తోడుకునేలా చేసే లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియాని ఆ పెరుగులోంచి విడదీసి, డీఎన్ఏ పోల్చేవాళ్లం. ఇంటింటికీ రకాలు మారేవి. మా జీతాల్లో తప్ప అన్నిట్లోనూ వైవిధ్యమే.

నిడదవోలు దగ్గర సత్యవతి గారి పెరుగులో అందరికన్నా ఎక్కువ రకాలు కనిపించాయి. కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్న తోడట. ఆ పెరుగుతోనే మళ్లీ పాలు తోడేస్తూ వచ్చారు.

"డీఎన్ఏ అంటే ఏంటి నాయనా?" అని అడిగి, నేను చెప్పేలోపే ఇంకో గరిటె వడ్డించారు. సైన్సు అక్కడితో ఆగింది.

మరుసటి ఏడాది ఆవిడ కూతురు పద్మ గారు ఖాళీ గిన్నెతో ల్యాబ్‌కి వచ్చారు.

"అమ్మ పోయిందండి. మైలని చుట్టాలు వంటింట్లోవన్నీ పారబోసి గిన్నెలు తోమేశారు. పెరుగు కూడా. అప్పుడెవరికీ తట్టలేదు. అమ్మ దగ్గర తోడు పట్టుకెళ్లే ఇరుగుపొరుగంతా ప్యాకెట్లకి మారిపోయారు. నాన్న వేరే పెరుగు ముట్టట్లేదు, అన్నం మానేశారు. మీ దగ్గరుందాండి?"

ఉంది. కానీ ఉన్నది ప్యూర్ కల్చర్, అంటే వేరుచేసి పెంచిన ఒకే ఒక్క రకం. డీప్ ఫ్రీజర్‌లో చోటు చాలక, త్వరగా పులిపించే రకాన్ని ఉంచి మిగతావి ఆటోక్లేవ్‌లో వేయడం మా పద్ధతి. అది పెద్ద ప్రెషర్ కుక్కర్. బ్యాక్టీరియాకి శ్మశానం. ఆ మాటే, శ్మశానం తీసేసి, ఆవిడకి చెప్పాను.

"ఒక్కటైనా అమ్మదేగా అండీ," అన్నారు.

పాలల్లో పెంచి నేనే పట్టుకెళ్లాను. గిన్నె బోర్లించినా జారనంత గట్టిగా తోడుకుంది. ఎగ్జిబిషన్‌లో పెడితే కప్పు కొట్టేది.

పెద్దాయన అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తిన్నారు. చాలాసేపు నమిలారు. నేనో జోకు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

"బాగుంది బాబూ," అన్నారు మెల్లగా. "ఎవరింటిది?"

పద్మ గారు లోపలికి వెళ్లిపోయారు. ఆయన మాత్రం చుట్టాలింట్లో తిన్నట్టు, మర్యాదకి, కంచం ఖాళీ చేశారు.

విడదీస్తే ప్రతి రకానికీ ఒక పేరు పెట్టొచ్చు. రుచి మాత్రం అన్నీ కలిసున్నప్పుడే ఉంటుందని ఆరోజు తెలిసింది. అప్పట్నుంచి ఏ ఇంటి పెరుగైనా విడదీయకముందే కొంచెం అలాగే ఫ్రీజ్ చేయడం మొదలుపెట్టాను. చోటేదని బాస్ అడిగితే, ఆయన ఐస్‌క్రీమ్ డబ్బా బయటపెట్టాను. పద్మ గారు మళ్లీ రాలేదు.