బండిలో కాపురం

కంది ఊరు దాటాక హైవే పక్కన సుమిత్ర బండ్ల వైరింగు షాపు ఉంది. ఆడమనిషి చేత పని చేయించుకోవడానికి మొదట్లో వెనకాడిన లారీ డ్రైవర్లే ఇప్పుడు ఆమె భోజనానికి వెళ్తే వచ్చేదాకా కూర్చుంటారు.

మొన్న చలికాలంలో ఒక పొద్దున షాపు పక్క దాబా ముందు ఆగిన పెద్ద వ్యాను ఎంతకీ స్టార్టు కాలేదు. అందులో మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు ఉన్నాయి. బ్యాంకులో రిటైరైన హరిచందన, ఆమె భర్త ఆ వ్యానులోనే ఊళ్లు తిరుగుతున్నారు. చలికి ఇంజను బ్యాటరీ మొండికేస్తోందనీ, వెనక లైట్లకూ ఫ్రిజ్జుకూ పెట్టిన రెండో బ్యాటరీ మాత్రం నిండుగా ఉంటోందనీ హరిచందన చెప్పింది. అయితే రెండోది మొదటిదానికి సాయం చేసేట్టు కలుపుతానంది సుమిత్ర.

ముందు రెండింటి మైనస్ వైర్లు విప్పింది. వెనక నుంచి ఇంజను దాకా బొటనవేలంత లావు కేబుల్ లాగి, రెండు చివర్లా ఫ్యూజులు పెట్టి, మధ్యలో స్విచ్చులాంటి పెద్ద రిలే బిగించింది. స్టీరింగు పక్కన ఒక బటన్ పెట్టింది. అది నొక్కినంతసేపే బ్యాటరీలు కలుస్తాయి. వదిలేస్తే దేని పని దానిదే.

మంచం కింద కేబుల్ తోస్తున్నప్పుడు, అక్కడ మడిచి పెట్టిన దుప్పటి చూసి ఆమె చేయి ఆగింది.

పెళ్లయిన కొత్తలో భర్త మొగులయ్య పటాన్‌చెరు నుంచి నాగపూర్‌కు లారీ నడిపేవాడు. ఏడు నెలలు ఆమె కూడా వెంట తిరిగింది. సీటు వెనక పలక మీద పడక, టైరు నీడన కిరోసిన్ స్టవ్వు. చలికి లారీ లేవకపోతే మొగులయ్య పక్క లారీ బ్యాటరీకి వైర్లు కలిపేవాడు, క్లిప్పులు ఆమె పట్టుకునేది. ఏది ప్లస్సో ఏది మైనస్సో ఆమె నేర్చుకున్నది అక్కడే.

వైర్లన్నీ బిగించాక హరిచందన భర్త బటన్ నొక్కి తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారికే అందుకుంది. హరిచందన లోపలి పొయ్యి మీద చాయ్ పెట్టి ఇచ్చింది.

"మేం గూడ బండిల్నే కాపురం పెట్టినమమ్మా. గసొంటి దినాలు మల్ల రాలే," అంది సుమిత్ర.

వ్యాను వెళ్లాక, భానూర్‌లో ఒక కంపెనీ గేటు దగ్గర పనిచేస్తున్న మొగులయ్యకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"మన లారీ నంబర్ యాదికున్నదా?" అన్నాడు మొగులయ్య.

చివరి అంకె ఏడో ఒకటో ఇద్దరికీ తేలలేదు. ఇంకో బండి వచ్చి షాపు ముందు ఆగేదాకా దాని గురించే వాదించుకున్నారు.